ఎడమకు వాలిన గీత

రాజమండ్రిలో పైపులు, ఫిట్టింగులు అమ్మే ఒక దుకాణంలో లెక్కలు చూసే అమ్మాయి ఓ సాయంత్రం నాకు ఫోన్ చేసింది. డిగ్రీ చదివే రోజుల్లో నా దగ్గర కంప్యూటర్ పాఠాలు నేర్చుకుంది.

"మాస్టారూ, నేను నొక్కితే నడుస్తోందండీ. రాత్రి దానంతట అది నడవాల్సినప్పుడు నడవడం లేదు. ఫైల్ అదే, కంప్యూటర్ అదే. ఏం మారిందో అర్థం కావడం లేదు" అంది.

అదొక చిన్న బ్యాచ్ ఫైల్. రోజూ రాత్రి తొమ్మిదింటికి దుకాణం బిల్లుల ఫోల్డర్‌ను ఇంకో డిస్కులోకి కాపీ చేయడం దాని పని. రాసిచ్చింది నేనే. బిల్లులున్న డిస్కు గరగరమని చప్పుడు చేస్తుంటే ఆమెకు అనుమానం వచ్చి కాపీ ఉన్న డిస్కు తెరిచి చూసింది. పంతొమ్మిది రోజులుగా అందులోకి ఒక్క ఫైలూ చేరలేదు. లాగ్ ఫైల్‌లో మాత్రం ప్రతి రాత్రీ "పూర్తయింది" అని ఉంది. కాపీ జరిగిందో లేదో చూడకుండా ఆ మాట రాయమని స్క్రిప్టుకు చెప్పిందీ నేనే. డిస్కు పూర్తిగా పోకముందే ఆమె ఆ బిల్లులన్నీ చేత్తో కాపీ చేసుకుంది. అయ్యేసరికి అర్ధరాత్రి దాటింది. ఇంటికి రావడం ఆలస్యమవుతుందని వాళ్ల నాన్నగారికి నేనే ఫోన్ చేసి చెప్పాను. తప్పు నాది కాబట్టి ఆ మాట నేనే చెప్పాలనిపించింది.

ఈ అధ్యాయం ఆ రాత్రి గురించి. ఒక స్క్రిప్టు లోంచి ఇంకో ఫైల్‌ను తెరవాలన్నా, నడపాలన్నా మనం దానికొక చిరునామా ఇస్తాం. ఆ చిరునామాను పాత్ అంటాం. అందులో ఫోల్డర్‌కూ ఫోల్డర్‌కూ మధ్య ఎడమకు వాలిన గీత ఒకటి ఉంటుంది, బ్యాక్‌స్లాష్. చూడటానికి చిన్నది. గంటల కొద్దీ సమయాన్నీ, మనిషికి తన మీద తనకున్న నమ్మకాన్నీ కూడా తినేయగలదు. ప్రోగ్రామింగ్ తమవల్ల కాదని వదిలేసిన పిల్లల్ని చాలామందిని చూశాను. కొందరు నిజంగా ఓడిపోయింది ఈ గీత దగ్గరే. ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

నిలబడిన చోటు

మన ఊళ్లలో చిరునామా చెప్పే తీరు గుర్తుచేసుకోండి. "ఎడమ చేతి వైపు రెండో సందు, వేపచెట్టున్న ఇల్లు." బస్టాండులో దిగినవాడికి ఇది చక్కగా సరిపోతుంది. ఇదే మాట రైలు దిగినవాడికి చెబితే? స్టేషన్ బయట కూడా ఎడమ వైపు ఉంటుంది, రెండో సందూ ఉంటుంది. మనం చెప్పిన ఇల్లు ఉండదు.

స్క్రిప్టులో నేను రాసింది సరిగ్గా ఇలాంటి చిరునామానే:

బిల్లులు\మార్చి

దీని అర్థం, "నువ్వు ఇప్పుడు నిలబడిన చోట బిల్లులు అనే ఫోల్డర్ ఉంటుంది, దాని లోపల మార్చి ఉంటుంది" అని. నిలబడిన చోటును వర్కింగ్ డైరెక్టరీ అంటారు. బ్యాచ్ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే, విండోస్ ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోనే నిలబడి పని మొదలుపెడుతుంది. అందుకే ఆ అమ్మాయి నొక్కినప్పుడల్లా నడిచింది. టాస్క్ షెడ్యూలర్ అదే ఫైల్‌ను నడిపినప్పుడు, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్ లోపల సిస్టమ్32లో నిలబడుతుంది. అక్కడ మన బిల్లులు లేవు.

ఎంత చదివినా ఆ స్క్రిప్టులో తప్పు కనిపించదు, ఎందుకంటే తప్పు స్క్రిప్టులో రాసి ఉన్న దాంట్లో లేదు, రాయకుండా వదిలేసిన దాంట్లో ఉంది. డి డ్రైవ్ అని గాని, ఏ ఫోల్డర్ నుంచి మొదలుపెట్టాలో గాని నేను చెప్పలేదు. నా బల్ల మీద కూర్చుని రాశాను కాబట్టి నేనున్న చోటే అందరూ ఉంటారనుకున్నాను.

దీనికి మందు రెండు రకాలు. మొదటిది, డ్రైవ్ అక్షరంతో మొదలుపెట్టి పూర్తి చిరునామా రాయడం. ఫోల్డర్లు కదలని చోట ఇది చాలు. రెండోది ఇంకా మంచిది. "నేనున్న చోటు నుంచి" అనడం మానేసి "ఈ స్క్రిప్టు ఉన్న చోటు నుంచి" అని చెప్పడం. బ్యాచ్ ఫైల్‌లో అందుకు అయిదు గుర్తుల మంత్రం ఒకటుంది: పర్సెంట్, టిల్డె, ఇంగ్లీషు చిన్న డి, చిన్న పి, సున్నా. ఇక్కడ దాన్ని %~డిపి0 అని రాస్తాను, మీరు ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసుకోండి. అది స్క్రిప్టు ఉన్న డ్రైవ్‌నూ ఫోల్డర్‌నూ పూర్తిగా ఇస్తుంది. పవర్‌షెల్‌లో పీఎస్‌స్క్రిప్ట్‌రూట్ అనే వేరియబుల్ ఈ పని చేస్తుంది. పైథాన్‌లోనైతే ఫైల్ అనే మాటకు అటు రెండు, ఇటు రెండు అండర్‌స్కోర్లు పెట్టిన పేరులో స్క్రిప్టు సొంత చిరునామా ఉంటుంది. రేపు ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి మార్చినా ఇలా రాసిన స్క్రిప్టు దారి తప్పదు.

టాస్క్ షెడ్యూలర్‌లో "స్టార్ట్ ఇన్" అని ఒక గడి ఉంటుంది. పక్కనే, తప్పనిసరి కాదని రాసి ఉంటుంది. అది చూసి అందరూ ఖాళీగా వదిలేస్తారు. నా మాటగా దాన్ని తప్పనిసరి అనే అనుకోండి. అందులో ఫోల్డర్ చిరునామా రాసేటప్పుడు కోట్స్ పెట్టకండి. మిగతా అన్నిచోట్లా కోట్స్ పెట్టమని ఈ అధ్యాయమంతా చెప్పబోతున్నాను, ఈ ఒక్క గడిలో పెడితే పని ఆగిపోతుంది.

ఒకే గీతకు రెండు ఉద్యోగాలు

ఆ అమ్మాయి తరువాత అడిగిన ప్రశ్న ఇది. "అసలు ఈ గీత ఒక్కోచోట ఒక్కోలా ఎందుకుంటుంది మాస్టారూ? ఒకచోట ఒకటి చాలు, ఒకచోట రెండు పెట్టాలి, ఒకచోట నాలుగు. ఎక్కడ ఎన్నో ఎలా గుర్తుపెట్టుకోవాలి?"

గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కారణం తెలిస్తే లెక్క దానంతట అదే వస్తుంది.

1960ల మొదట్లో, ఐబీఎంలో పనిచేసిన బాబ్ బీమర్ ఈ గీతను కంప్యూటర్ అక్షరాల పట్టికలో చేర్చడానికి కృషి చేశాడు. ఆల్గాల్ అనే భాషలో "మరియు", "లేదా" అనే తర్కపు గుర్తుల్ని రెండు వాలు గీతలు కలిపి రాసుకోవచ్చని ఆయన ఆలోచన: /\ ఒకటి, \/ ఇంకొకటి. 1963లో వచ్చిన ఆస్కీ పట్టికలో దానికి చోటు దొరికింది. ఇవాళ్టికీ దాని సంఖ్య 92. అప్పటికి దానికి ఫోల్డర్లతో ఏ సంబంధమూ లేదు.

తరువాత అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్, సీ భాష పుట్టాయి. యూనిక్స్‌లో ఫోల్డర్ల మధ్య కుడికి వాలిన గీత, అంటే మామూలు స్లాష్, పెట్టుకున్నారు. ఎడమకు వాలిన గీతకు సీ భాషలో వేరే ఉద్యోగం ఇచ్చారు: "నా తరువాత వచ్చే అక్షరాన్ని మామూలుగా చదవకు, దానికి ప్రత్యేకార్థం ఉంది" అని హెచ్చరించడం. బ్యాక్‌స్లాష్ తరువాత చిన్న ఎన్ వస్తే కొత్త లైను, చిన్న టి వస్తే ట్యాబ్. పైథాన్, జావా, జావాస్క్రిప్ట్ అన్నీ ఈ ఆచారాన్ని సీ నుంచే తెచ్చుకున్నాయి.

1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్ మొదటి వెర్షన్‌లో ఫోల్డర్లే లేవు. ఫ్లాపీలో ఫైళ్లన్నీ ఒకే కుప్ప. ఆదేశాలకు ఐచ్ఛికాలు చెప్పడానికి మామూలు స్లాష్ వాడేవారు. 1983లో పది మెగాబైట్ల హార్డ్ డిస్కున్న పీసీ ఎక్స్‌టీతో పాటు డాస్ 2.0 వచ్చింది, ఫోల్డర్లు తెచ్చింది. వాటిని విడదీయడానికి యూనిక్స్ లాగా మామూలు స్లాష్ పెడదామంటే అది అప్పటికే ఐచ్ఛికాల పనిలో ఉంది. అందుకని ఎడమకు వాలిన దాన్ని పెట్టుకున్నారు.

అంటే ఒకే గీతకు ఇద్దరు యజమానులు రెండు వేర్వేరు ఉద్యోగాలు ఇచ్చారు. ప్రోగ్రామింగ్ భాషలో అది హెచ్చరిక. విండోస్‌లో అది గోడ. మీ స్క్రిప్టులో పాత్ రాసిన ప్రతిసారీ ఈ రెండు అర్థాలూ ఒకే గీత కోసం పోటీపడతాయి.

ఆ తొలి రోజుల గుర్తు ఇంకొకటి కూడా మిగిలింది. అమీర్‌పేటలో నేను పాఠాలు చెప్పిన రోజుల్లో హాస్టళ్ల పిల్లల మధ్య ఒక మెయిల్ తిరిగేది: విండోస్‌లో "కాన్" అనే పేరుతో ఫోల్డర్ ఎవరూ చేయలేరు, ఇది ఒక భారతీయుడు కనిపెట్టాడు, మైక్రోసాఫ్ట్ కూడా కారణం చెప్పలేకపోయింది అని. కారణం ఎప్పటినుంచో తెలిసిందే. కాన్ అంటే కన్సోల్, అంటే కీబోర్డూ తెరా. ఫోల్డర్లు లేని కాలంలో పరికరాలకు కూడా ఫైళ్లలాగే పేర్లు పెట్టారు. ఫోల్డర్లు వచ్చాక పాత ప్రోగ్రాములు చెడకుండా ఉండటానికి ఆ పేర్లను ప్రతి ఫోల్డర్‌లోనూ చెల్లేలా ఉంచేశారు. ప్రింటర్ కోసం పీఆర్‌ఎన్, ఏమీ లేనిదాని కోసం ఎన్‌యూఎల్ కూడా అంతే. మీ స్క్రిప్టు ఆటోమేటిక్‌గా ఫైళ్లకు పేర్లు పెడుతుంటే ఈ పేర్లు తగలకుండా చూసుకోండి.

మొదట ఎవరు చదువుతారు?

పాత్ రాసేటప్పుడు ఒకే ఒక్క ప్రశ్న వేసుకోవడం అలవాటు చేసుకోండి: నేను రాసే ఈ గీతను మొదట ఎవరు చదువుతారు?

పైథాన్ ఫైల్‌లో కోట్స్ మధ్య పాత్ రాశారనుకోండి. దాన్ని మొదట చదివేది విండోస్ కాదు, పైథాన్. పైథాన్ దృష్టిలో ఆ గీత హెచ్చరిక. ఈ పాత్ చూడండి:

డి:\బిల్లులు\2024

మొదటి గీత తరువాత తెలుగు "బి" ఉంది. పైథాన్‌కు అలాంటి సంకేతమేదీ తెలియదు కాబట్టి గీతను అలాగే ఉంచుతుంది. రెండో గీత తరువాత అంకెలున్నాయి. గీత తరువాత సున్నా నుంచి ఏడు దాకా ఉన్న అంకెలు వస్తే పైథాన్ వాటిని మూడింటి వరకు తీసుకుని, ఎనిమిది ఆధారంగా లెక్కించి, ఆ సంఖ్యకున్న అక్షరాన్ని పెడుతుంది. ఇక్కడ 2, 0, 2 పోయాయి. వాటి స్థానంలో కంటికి కనిపించని గుర్తొకటి వచ్చింది. మిగిలింది 4. విండోస్‌కు చేరిన చిరునామాలో 2024 అనే ఫోల్డరే లేదు. ఫైల్ దొరకలేదని విండోస్ నిజమే చెబుతుంది. మనం మాత్రం "ఎదురుగా ఉంది కదా, ఎందుకు దొరకదు!" అని తెర మీద వేలు పెట్టి చూపిస్తాం.

సంవత్సరంతో ఫోల్డర్ పేరు మొదలుపెట్టని ఆఫీసు ఉంటుందా? పోనీ ఇంగ్లీషులో పేర్లు పెట్టుకుందామంటే అక్కడ ఇంకా ప్రమాదం. చిన్న అక్షరాలతో రాసిన అకౌంట్స్, బ్యాకప్, ఫైల్స్, న్యూ, రిపోర్ట్స్, టెంప్, వోచర్స్, వీటిలో ప్రతి పేరు మొదటి అక్షరమూ బ్యాక్‌స్లాష్ పక్కన పడితే ప్రత్యేక సంకేతమైపోతుంది. ఆఫీసు కంప్యూటర్‌లో మామూలుగా ఉండే పేర్లలో సగం ఇవే. శాలరీస్ అనే ఫోల్డర్ మాత్రం ఏమీ కాదు, ఎస్‌కు సంకేతం లేదు. దాంతో ఏమవుతుందంటే, జీతాల స్క్రిప్టు పనిచేస్తుంది, వోచర్ల స్క్రిప్టు పనిచేయదు. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే పద్ధతిలో రాసినవి. అక్కడి నుంచి మూఢనమ్మకాలు మొదలవుతాయి. ఆ ఫోల్డర్‌కే ఏదో అయిందంటారు, వైరస్ అంటారు, కంప్యూటర్ ఫార్మాట్ చేయిస్తారు.

విండోస్‌లో యూజర్స్ ఫోల్డర్ పేరు పెద్ద యూతో మొదలవుతుంది. బ్యాక్‌స్లాష్, పెద్ద యూ కలిస్తే, తరువాత ఎనిమిది అంకెల యూనికోడ్ సంఖ్య రావాలని పైథాన్ ఎదురుచూస్తుంది. రాకపోతే స్క్రిప్టు మొదలుకాకుండానే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆ ఎర్రర్ చూసి కొత్తవాళ్లు బెదిరిపోతారు గానీ, నా దృష్టిలో అది మేలు చేసేదే. అరిచి చెప్పే తప్పును పట్టుకోవచ్చు. 2024ను నిశ్శబ్దంగా మింగేసేది ప్రమాదకరం.

బయటపడే దారులు చాలా ఉన్నాయి. కోట్స్‌కు ముందు ఇంగ్లీషు ఆర్ పెడితే, లోపలి గీతల్ని హెచ్చరికలుగా చదవవద్దని పైథాన్‌కు చెప్పినట్టు. ఒక్కటే షరతు, అలా రాసిన పాత్ చివర ఒంటరి బ్యాక్‌స్లాష్ ఉండకూడదు. లేదా ప్రతి గీతనూ రెండుసార్లు రాయవచ్చు. మొదటి గీత రెండోదాని గురించి "ఇది మామూలు గీతే" అని చెబుతుంది, విండోస్‌కు ఒకటే చేరుతుంది. లేదా మామూలు స్లాష్ పెట్టవచ్చు. చాలామందికి తెలియని సంగతి, ఫైల్ తెరవమన్నప్పుడు విండోస్ రెండు రకాల గీతల్నీ ఒప్పుకుంటుంది.

నేను పిల్లలకు చెప్పేది ఇవేవీ కాదు. గీతల్ని చేత్తో రాయడమే మానేయమంటాను. పైథాన్ 3.4తో, 2014లో, పాత్‌లిబ్ అనే మాడ్యూల్ వచ్చింది. దానికి ఫోల్డర్ల పేర్లు విడివిడిగా ఇస్తే చాలు, మధ్య ఏ గీత పెట్టాలో అది చూసుకుంటుంది. విండోస్ మీద ఒకటి, లైనక్స్ మీద ఇంకొకటి. ఇంట్లో విండోస్ మీద రాసిన స్క్రిప్టును ఆఫీసు లైనక్స్ సర్వర్ మీద పెట్టేవాళ్లకు ఇది పెద్ద ఊరట. లైనక్స్‌లో బ్యాక్‌స్లాష్ కూడా ఫైల్ పేరులో ఉండదగిన మామూలు అక్షరమే. చేత్తో "డేటా\మార్చి" అని రాసిన స్క్రిప్టు అక్కడ డేటా అనే ఫోల్డర్‌లోకి వెళ్లదు, డేటా\మార్చి అనే పొడుగు పేరుతో ఒకే ఫైల్ తయారుచేసి, పని అయిపోయిందనుకుంటుంది.

చదివేవాళ్లు వరుసగా నిలబడినప్పుడు

మీ స్క్రిప్టు ఇంకో ప్రోగ్రామును నడుపుతుంటే, ఆ చిరునామా ఒక్క చేతితో ఆగదు. పైథాన్ చదివి కమాండ్ విండోకు ఇస్తుంది. కమాండ్ విండో చదివి ప్రోగ్రాముకు ఇస్తుంది. ఆ ప్రోగ్రాము తన పద్ధతిలో మళ్లీ చదువుతుంది. అప్పుడు గాని ఫైల్ దాకా వెళ్లదు. పెళ్లి కబురు నలుగురి నోట పడి వెళ్లినట్టు, ప్రతి చేతిలోనూ కొంత మారుతుంది.

కమాండ్ విండో గీతల్ని పట్టించుకోదు. దానికి స్పేస్ ముఖ్యం. పైపుల దుకాణంలో ఒక ఫోల్డర్ ఇలా ఉండేది:

డి:\పైపులు & ఫిట్టింగులు\కాపీ.బ్యాట్

కోట్స్ లేకుండా ఇది ఇస్తే కమాండ్ విండో డి:\పైపులు అనేదాన్ని ఒక ఆదేశంగా తీసుకుని, అలాంటిది లేదంటుంది. తరువాత & కనబడుతుంది. ఆ గుర్తుకు "ఇక్కడితో ఒక ఆదేశం అయింది, తరువాతిది మొదలుపెట్టు" అని అర్థం. కాబట్టి ఫిట్టింగులు\కాపీ.బ్యాట్ అనేదాన్ని ఇంకో ఆదేశంగా నడపబోతుంది. & తరువాతి మాట నిజంగానే ఏదైనా ఆదేశం పేరైతే అది నడిచిపోతుంది కూడా. దుకాణాల పేర్ల చివర "& సన్స్", "& కో" రాయడం మనకు ఎంత మామూలో తెలుసు కదా. పాత్ మొత్తాన్ని డబుల్ కోట్స్‌లో పెడితే స్పేసూ, & గుర్తూ రెండూ మామూలు అక్షరాలైపోతాయి. స్పేస్ ఇవాళ లేకపోయినా కోట్స్ పెట్టండి. ఫోల్డర్ పేరు రేపు మార్చేది మీరు కాకపోవచ్చు.

కోట్స్ పెట్టాక కూడా రెండు గోతులున్నాయి. బ్యాచ్ ఫైల్‌లో స్టార్ట్ అనే ఆదేశం, కోట్స్‌లో కనబడిన మొదటి మాటను కొత్త విండోకు పెట్టాల్సిన శీర్షిక అనుకుంటుంది. మీ ఫైల్ నడవదు, ఆ ఫైల్ చిరునామాను శీర్షికగా పెట్టుకుని నల్లటి విండో ఒకటి తెరుచుకుంటుంది. పాత్‌కు ముందు ఖాళీ కోట్స్ ఒక జత పెట్టండి, శీర్షిక అక్కడితో తీరిపోతుంది.

రెండో గొయ్యిలో నేను కూడా ఒక పూటంతా ఉండిపోయాను. ఫోల్డర్లు కాపీ చేసే రోబోకాపీకి ఇలా ఇచ్చాను:

"డి:\నెల జీతాలు\" "ఈ:\నకలు"

చూడటానికి ఏ దోషమూ లేదు. కానీ రోబోకాపీ లాంటి ప్రోగ్రాములు తమకు వచ్చిన మాటల్ని సీ భాష ఆచారం ప్రకారం విడదీసుకుంటాయి. కోట్స్‌కు సరిగ్గా ముందు బ్యాక్‌స్లాష్ ఉంటే, "ఈ కోట్ ముగింపు కాదు, పేరులో భాగం" అని దానికి అర్థమవుతుంది. దాంతో మొదటి చిరునామా ముగియకుండా రెండోదాన్ని కూడా మింగేసింది. 1970ల నాటి హెచ్చరిక ఉద్యోగమూ, 1983 నాటి గోడ ఉద్యోగమూ ఇక్కడ ఒకదానికొకటి ఎదురుపడ్డాయి. కోట్స్ ముందు చివరి గీత తీసేస్తే సరిపోతుంది. కాకపోతే, ఇందాక చెప్పిన %~డిపి0 ఎప్పుడూ గీతతోనే ముగుస్తుంది. దాన్ని కోట్స్‌లో పెట్టి వేరే ప్రోగ్రాముకు ఇచ్చేటప్పుడు సున్నా తరువాత ఒక చుక్క పెట్టండి. ఫోల్డర్ పేరు చివర చుక్క అంటే "ఇదే ఫోల్డర్" అని అర్థం. గమ్యం మారదు, గీతకూ కోట్‌కూ మధ్య ఒక అడ్డు ఏర్పడుతుంది.

పైథాన్ నుంచి ప్రోగ్రాములు నడిపేవాళ్లకు నా సలహా, ఆదేశాన్ని ఒకే పొడుగాటి వాక్యంగా అతికించకండి. సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌కు ఒక జాబితా ఇవ్వండి: మొదట ప్రోగ్రాము, తరువాత ఒక్కో చిరునామా విడివిడిగా. స్పేసులకు కోట్స్ పెట్టే పని అది చేస్తుంది. నిలబడాల్సిన ఫోల్డర్‌ను చెప్పడానికి కూడా అందులో వీలుంది, చెప్పండి.

ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్న ఫైళ్లకు ఇంకో చిక్కుంది. జెడ్ డ్రైవ్ అని మనం చూసేది మన లాగిన్‌కు పెట్టిన ముద్దుపేరు మాత్రమే. రాత్రి షెడ్యూలర్ వేరే ఖాతాతో నడిస్తే ఆ పేరు దానికి తెలియదు. స్క్రిప్టులో సర్వర్ అసలు పేరు రాయండి, రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యేది. ఆ రెండు గీతలూ మామూలు పైథాన్ కోట్స్‌లో పడితే ఒకటైపోతాయి. రెండు కావాలంటే నాలుగు రాయాలి, లేదా ముందు ఆర్ పెట్టాలి. ఆ అమ్మాయి అడిగిన "ఒకచోట నాలుగు" ఇదే.

తెలుగు పేర్లు పెట్టుకోవచ్చా?

నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు. ఫోల్డర్లకు తెలుగులో పేర్లు పెడితే కంప్యూటర్ చెడిపోతుందనే మాట ఇప్పటికీ వింటుంటాను. విండోస్ ఫైల్ పేర్లలో కొన్ని గుర్తులు తప్ప యూనికోడ్ అక్షరాలన్నీ చెల్లుతాయి, తెలుగు కూడా. బ్యాచ్ ఫైల్‌లో తెలుగు పాత్ ఉంటే ఆ ఫైల్‌ను యూటీఎఫ్-8గా, బామ్ (ఫైల్ మొదట్లో చేరే కనిపించని గుర్తు) లేకుండా సేవ్ చేసి, మొదట్లో కోడ్ పేజీని 65001కు మార్చే ఆదేశం పెట్టండి. తెర మీద అక్షరాలు విడిపోయినట్టో డబ్బాల్లాగానో కనిపించినా కంగారుపడకండి, అది ఫాంట్ సమస్య.

లెక్క మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. "లక్ష్మి" మన కంటికి రెండక్షరాలు. కంప్యూటర్‌కు ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. విండోస్‌లో పాత్ మొత్తం నిడివికి పాత హద్దు 260. విండోస్ 10లో 2016 తరువాత ఆ హద్దును సడలించుకునే వీలు వచ్చినా, అన్ని ప్రోగ్రాములూ దాన్ని పాటించవు. లైనక్స్‌లో సాధారణంగా ఒక్కో పేరుకు 255 బైట్లు హద్దు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు కాబట్టి 85 గుర్తులు దాటకూడదు. ఇంగ్లీషులో చిన్నగా కనిపించే పేరే తెలుగులో రాస్తే హద్దు దాటవచ్చు. ఫోల్డర్ లోపల ఫోల్డర్, దాని లోపల ఇంకోటి అని లోతుకు పోకుండా ఉంటే ఈ బాధ ఉండదు.

చేయి ఆగాల్సిన చోటు

పాత్ పనిచేయనప్పుడు మనం సాధారణంగా చేసేది ఏమిటో చెబుతాను. ఒక గీత కలుపుతాం. నడవదు. ఇంకో గీత కలుపుతాం. కోట్స్ తీసేస్తాం, మళ్లీ పెడతాం. గీతల దిశ మారుస్తాం. ఎనిమిదో ప్రయత్నంలో నడుస్తుంది. ఎందుకు నడిచిందో తెలియదు, ముట్టుకోవాలంటే భయం. ఇలా నడిచిన స్క్రిప్టు మన దగ్గరున్న ఆస్తి కాదు. ప్రతి నెలా వడ్డీ కట్టాల్సిన అప్పు అది.

రెండో ప్రయత్నం తప్పగానే కీబోర్డు మీంచి చేతులు తీసేయండి. పాత్‌ను వాడబోయే ముందు దాన్ని తెర మీద అచ్చు వేయమని స్క్రిప్టుకు చెప్పండి. పైథాన్‌లో రెప్ర్ అనే ఫంక్షన్ ద్వారా అచ్చు వేస్తే కనిపించని గుర్తులు కూడా బయటపడతాయి. మీరు రాసిందీ, చదివేవాడికి అందిందీ పక్కపక్కన చూడండి. 2024 ఎక్కడ పోయిందో అప్పుడు కళ్లకు కడుతుంది. తరువాత స్క్రిప్టు ప్రస్తుతం ఎక్కడ నిలబడిందో కూడా అచ్చు వేయించండి. ఆ తరువాత, ఆ చిరునామాలో నిజంగా ఏదైనా ఉందా అని అడిగించండి, లేకపోతే అక్కడే ఆగి గట్టిగా చెప్పమనండి. "పూర్తయింది" అనే మాట చివరన, కాపీ అయిన ఫైళ్ల సంఖ్య లెక్కపెట్టాకే రాయించండి.

చేత్తో పాత్ టైపు చేయకపోవడం కూడా మంచిది. ఫైల్ మీద కుడి క్లిక్ చేస్తే "కాపీ యాజ్ పాత్" వస్తుంది. విండోస్ 10లో షిఫ్ట్ నొక్కి పట్టుకుని కుడి క్లిక్ చేయాలి. కోట్స్‌తో సహా మొత్తం చిరునామా వస్తుంది. ఎన్ని టైపింగ్ తప్పులు తప్పుతాయో వాడి చూస్తే తెలుస్తుంది.

పైపుల దుకాణంలో స్క్రిప్టును మేమిద్దరం కలిసి మళ్లీ రాశాం. ఈసారి ఆమె టైపు చేసింది, నేను పక్కన కూర్చున్నాను. ప్రతి గీత దగ్గరా ఆగి "దీన్ని మొదట ఎవరు చదువుతారమ్మా?" అని అడిగాను. మూడోసారికి నేను అడగకముందే ఆమె చెప్పడం మొదలుపెట్టింది. అయ్యాక, డి డ్రైవ్‌లో ఒక కొత్త ఫోల్డర్ చేయమన్నాను. పేరు నేను చెప్పాను, ఆమె నవ్వుతూ టైపు చేసింది:

2024 లక్ష్మి & కో (పాతవి)

సంవత్సరంతో మొదలు, మధ్యలో స్పేసులు, & గుర్తు, బ్రాకెట్లు, తెలుగు ఒత్తులు. స్క్రిప్టును ఆ ఫోల్డర్‌లోకి మార్చి, అక్కడి నుంచి ఒకసారి డబుల్ క్లిక్ చేసి నడిపాం. తరువాత షెడ్యూలర్ చేత నడిపించాం. మొదటిసారి బ్రాకెట్ దగ్గర ఆగింది, ఒకచోట కోట్స్ మరిచిపోయాం. సరిచేశాక రెండు విధాలా నడిచింది. ఆ ఫోల్డర్ ఇప్పటికీ ఆ కంప్యూటర్‌లో ఉంది. దుకాణంలో ఏ కొత్త స్క్రిప్టు రాసినా మొదట దాన్ని అందులో పెట్టి నడిపిస్తానని, అక్కడ నడిచాకే యజమానికి చూపిస్తానని మొన్న ఫోన్‌లో చెప్పింది. అదే పేరుతో ఒకటి నా కంప్యూటర్‌లోనూ చేసుకున్నాను.